మొదటి ప్రశ్న ఆర్లిస్‌దే

మిన్నెసోటా, డకోటాల చిన్న కాలేజీల్లో లెక్కలు చదివినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి. ఏప్రిల్ నెల గణిత సదస్సులో తాము ఏ సిద్ధాంతం విన్నారో వాళ్ళకు గుర్తుండదు. పోటీలో ఎన్నో స్థానం వచ్చిందో అంతకన్నా గుర్తుండదు. ముందు వరసలో, కుడివైపు చివరి కుర్చీలో కూర్చునే ఆర్లిస్ ట్వైట్ మాత్రం గుర్తుంటుంది. పొడుగాటి మనిషి. చేత్తో అల్లిన స్వెట్టరు, కాళ్ళకు మంచు బూట్లు, ఒళ్ళో సగం అయిన మేజోడు. కుర్రాడో కుర్రదో ప్రసంగం ముగించి, "ఏమైనా ప్రశ్నలుంటే..." అని గుటకలు మింగుతుంటే, హాలంతా తలవంచుకుని ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటుంటే, అల్లికసూదులతో సహా పైకి లేచేది ఆర్లిస్ చెయ్యి.

ఆమె అడిగే ప్రశ్న గొప్పదేమీ కాదు. ఆ పిల్లవాడికి జవాబు తప్పకుండా తెలిసిన ప్రశ్న. "ఆ రెండో బొమ్మ నాకు తెగ నచ్చింది, అది నీకు ఎలా తట్టింది?" అనో, "ఏడు బదులు ఎనిమిది వేస్తే ఏమవుతుంది?" అనో అడిగేది. అడగగానే పిల్లల భుజాలు ఒక్కసారి కిందికి దిగేవి. చెమట తుడుచుకుని, అంతసేపూ కాగితం మీంచి గడగడా చదివిన విషయాన్నే ఈసారి మనిషితో మాట్లాడినట్టు చెప్పేవాళ్ళు. అది చూసి ఆర్లిస్ తల ఊపి మళ్ళీ మేజోడులో పడేది.

ఈ అలవాటు ఆమెకు ఊరికే రాలేదు. ఆమె రెడ్ రివర్ లోయలో చక్కెర దుంపలు పండించే ఇంటి పిల్ల. కాలేజీ చదువు చివరి ఏడు ఇలాంటి సదస్సుకే వచ్చి, ప్రసంగం మధ్యలో మాట పడిపోయి, చాక్‌పీసు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. అప్పుడు ముందు వరసలోంచి సిస్టర్ లియోకేడియా అనే ముసలి సన్యాసిని, తాను కూడా ఏదో కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ, చెయ్యెత్తి, "అమ్మాయ్, నేను కాస్త మందబుద్ధిని. ఆ మొదటి లైను మళ్ళీ చెప్పవూ?" అని అడిగింది. మొదటి లైను చెప్తే రెండోది దానంతటదే వచ్చింది, రెండోదాని వెంట మిగతావీ వచ్చేశాయి. కొన్నేళ్ళకు ఆ సిస్టర్ కాలం చేసింది. ఆ ఏటి సదస్సులో ఆమె కుర్చీ ఖాళీగా కనిపిస్తే, అప్పటికే నోర్లాండ్ కాలేజీలో పాఠాలు చెప్తున్న ఆర్లిస్ వెళ్ళి అందులో కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లెమ్మనలేదు.

అలా దశాబ్దాలు గడిచాయి. నోర్లాండ్ కాలేజీకి పోటీలో ఎన్నడూ కప్పు రాలేదు. ఆర్లిస్ ఏటా కాలేజీ వ్యానులో పిల్లల్ని ఎక్కించుకుని, వెనకసీట్లో పెద్ద పళ్ళెం నిండా చాక్లెట్ ముక్కలు పెట్టుకుని, మంచులో తానే నడుపుకుంటూ వెళ్ళేది. ఓడిపోయిన పిల్లలకు దారిలో పిజ్జా తినిపించి తిరిగి తీసుకొచ్చేది. భర్త వెర్లిన్ ఊళ్ళో ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. లెక్కలంటే ఆయనకు ట్రక్కుల తూకం తప్ప మరేమీ పట్టదు. కానీ సదస్సు నుంచి రాగానే, "ఈ ఏడు ఎవరిని బతికించావు?" అని మాత్రం అడిగేవాడు.

చెవుడు చెప్పి రాలేదు. ముందు ఫ్రిజ్ గుయ్యిమనడం మానేసింది. ఆర్లిస్ అది బాగుపడిందనుకుంది. తర్వాత పిచ్చుకలు మానేశాయి. ఆ తర్వాత పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, గొణగడం మొదలెట్టారు. "ఈ కాలం పిల్లలకి నోరు తెరిచి మాట్లాడ్డం ఎవరూ నేర్పరేమిటి?" అని ఆమె వెర్లిన్‌తో విసుక్కునేది.

"గొణగడం కాదే, నీకు వినపడట్లేదు," అనేవాడు వెర్లిన్.

"నీ మాట బాగానే వినపడుతోందిగా!"

"నేను అరుస్తున్నాను కాబట్టి. మనమిద్దరం రోజూ పోట్లాడుకుంటున్నామని పక్కింటి వాళ్ళు పాస్టరుగారితో చెప్పారట. ఆయన నిన్న నన్ను పక్కకి పిలిచి, ఇంట్లో అంతా సవ్యంగానే ఉందా అని అడిగాడు."

ఆర్లిస్ నవ్వేసి ఊరుకుంది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెర్లిన్ ఇంక వాదించలేదు. వంటింటి బల్ల దగ్గర తన కుర్చీ ఆమె పక్కనుంచి తీసి ఎదురుగా వేసుకున్నాడు. మాట్లాడేముందు ఆమె మోచేతిని ఒకసారి తాకడం అలవాటు చేసుకున్నాడు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో కూడా ఆర్లిస్ గమనించలేదు.

క్లాసులో పిల్లల బెంచీల దాకా నడిచి వెళ్ళి వినేది. సదస్సుల్లో తెర మీద అక్షరాలు పడతాయి కనుక, అవి చదువుకుంటూ, పెదాలు చూసుకుంటూ నెట్టుకొచ్చేది. మూడేళ్ళు అలాగే సాగిపోయింది.

ఆ ఏడు సదస్సు డులూత్‌లో. ఊరిని ఆనుకున్న పెద్ద సరస్సులో ఇంకా మంచుపలకలు తేలుతున్నాయి. కొత్తగా ఓడలు తిరగడం మొదలైంది. శుక్రవారం మధ్యాహ్నం విద్యార్థుల ప్రసంగాలు, శనివారం పొద్దున ముగ్గురేసి పిల్లల జట్లకు పోటీ. ఎప్పుడూ ఉండేదే.

శుక్రవారం ఆఖర్న మాట్లాడినది కలియా లోర్ అనే పిల్ల. సెయింట్ పాల్‌లో కూరగాయలు పండించి సంతలో అమ్ముకునే, తూర్పు దేశాల నుంచి వలసొచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబంలోంచి వచ్చింది. ఆర్లిస్‌కు పాత స్నేహితుడైన గోర్డీ మాకి దగ్గర చదువుతోంది. చిన్న మనిషి, అంతకన్నా చిన్న గొంతు. పైగా ఆమె కంప్యూటరుకీ అక్కడి ప్రొజెక్టరుకీ పొత్తు కుదరలేదు. గోర్డీ వైర్లు పీకి, పెట్టి, ఊది, చివరికి చేతులెత్తేశాడు. "బోర్డు మీద చెప్పెయ్ కలియా, ఏం ఫరవాలేదు," అన్నాడు.

ఆ పిల్ల చాక్‌పీసు తీసుకుని, హాలు వైపు వీపు పెట్టి, బోర్డుతో మాట్లాడడం మొదలెట్టింది. ఒక వరసలో బల్బులున్నాయి. ఏ బల్బు నొక్కినా అదీ, దానికి అటూ ఇటూ ఉన్నవీ మారతాయి. వెలుగుతున్నది ఆరిపోతుంది, ఆరినది వెలుగుతుంది. ఎలా వెలుగుతున్న వరసనైనా మొత్తం ఆర్పేయగలమా? ఆమె సున్నాలు గీస్తూ పోయింది. మూడు సున్నాలు, నాలుగు సున్నాలు, అయిదు సున్నాలు. ఆర్లిస్‌కు ఆ సున్నాలు కనిపించాయి. మాటల్లో ముక్కలు మాత్రమే చెవిన పడ్డాయి. "అయిదు... ఎప్పుడూ... కుద..." అన్నంతవరకు అందింది. మిగతాది తానే పూరించుకుంది. బాగుంది, అయిదింటిని ఆర్పడం కుదురుతుందని ఏదో ఉపాయం చెప్తోంది కాబోలు అనుకుంది.

"ఏమైనా ప్రశ్నలు..." అంది కలియా. ఆ మాట వినక్కర్లేదు, ఆ పిల్ల నిలబడిన తీరే చెప్పింది. ఆర్లిస్ చెయ్యి లేచింది.

"చాలా అందమైన లెక్క అమ్మాయ్. ఆ అయిదు బల్బుల వరసలో చివరిది ఒక్కటే వెలుగుతోందనుకో, దాన్ని ఎలా ఆర్పాలో మాకోసారి చేసి చూపిస్తావా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కలియా చాక్‌పీసు వంక చూసింది. పెదాలు కదిపింది. "అది కుదరదండీ. నేనిప్పటిదాకా చెప్పింది అదే," అంది.

ఆర్లిస్‌కు వినపడలేదు. ఎప్పటిలాగే తల ఊపి, నవ్వి, "భేష్! కానివ్వు మరి, చెయ్యి!" అంది.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. దుర్మార్గపు నవ్వేం కాదు, మధ్యాహ్నం నుంచీ కూర్చుని అలిసిపోయిన వాళ్ళ నవ్వు. కానీ ఎదురుగా నిలబడ్డ పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? టైమైపోయిందని అధ్యక్షుడు చప్పట్లు మొదలెట్టాడు. కలియా చాక్‌పీసు గట్టు మీద పెట్టి, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. ఏదో జరిగిందని ఆర్లిస్‌కు అర్థమైంది. ఏమిటో తెలియలేదు.

భోజనానికి ముందు గోర్డీ ఆమెను సరస్సు ఒడ్డుకు నడిపించుకెళ్ళాడు. చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఆయన ఆమె ఎదురుగా తిరిగి, నెమ్మదిగా, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఆ పిల్ల గొణిగింది గోర్డీ," అంది ఆర్లిస్.

"గొణిగిన మాట నిజమే. మేమంతా విన్నాం మరి."

ఇంతలో ఇనుప ఖనిజం మోసుకెళ్ళే ఓడ ఒకటి, ఓడలొస్తే పైకి లేచే వంతెన దగ్గరికొచ్చి కూత పెట్టింది. ఒక పొడుగు, రెండు పొట్టి. వంతెన కూడా అలాగే బదులు కూసింది.

"అదిగో, అది వినపడిందిగా నాకు!" అంది ఆర్లిస్.

"ఓడలు సదస్సుకు రావుగా ఆర్లిస్."

ఆమె నవ్వబోయింది కానీ మొహం సహకరించలేదు. గోర్డీ చేతిరుమాలు తీసి ఇచ్చాడు. అది ముక్కు చీదిన రుమాలే, అయినా ఆమె తీసుకుంది.

"ఇప్పుడెక్కడుంది ఆ పిల్ల?"

"గదిలో. సూపు పంపిస్తే ముట్టుకోలేదు. పొద్దున్నే బస్సెక్కి ఇంటికెళ్ళిపోతుందట, పోటీకి రాదట. 'అందరికన్నా మంచావిడకే నా మాట అర్థం కాలేదంటే, నేను చెప్పిందాంట్లో ఏం లేదన్నమాట' అంటోంది. వాళ్ళ సీనియర్లు నీ గురించి చెప్పి తీసుకొచ్చారు మరి. భయపడకు, ముందు వరసలో ఆర్లిస్ ఉంటుంది అని."

ఈ చివరి మాట ఆర్లిస్‌కు మరీ స్పష్టంగా వినపడింది.

ఆ సాయంత్రం గదిలోంచి ఆమె ఇంటికి ఫోను చేసింది. వెర్లిన్ ఫోనులో ఎలాగూ అరుస్తాడు. అంతా విని, "ఆ పిల్లకి చెప్పెయ్," అన్నాడు.

"ఏం చెప్పను?"

"నీకు చెవుడని."

"అది నీకే ఎప్పుడూ చెప్పలేదు నేను."

"నాకెందుకు చెప్పడం, నాకు తెలుసుగా. తెలియనివాళ్ళకి చెప్పు."

పొద్దున్నే ఆర్లిస్ కిందికి దిగేసరికి హోటల్ ఫలహారశాలలో వాఫుల్ అట్ల వాసన గుప్పుమంటోంది. మూల బల్ల దగ్గర కలియా కోటు తొడుక్కుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, కాగితపు కప్పులో కాఫీ పట్టుకుని కూర్చుని ఉంది. బస్సుకు ఇంకా వేళ కాలేదు. ఆర్లిస్‌ను చూడగానే లేవబోయింది.

"కూర్చో తల్లీ. నేనొకటి చెప్పి వెళ్ళిపోతాను," అంది ఆర్లిస్. ఎదురుగా కూర్చుంది. "నాకు వినపడదు," అంది. "చెవుడు. మూడేళ్ళ నుంచీ. ఎవరికీ చెప్పలేదు. నిన్న నువ్వు చెప్పింది నేను వినలేదు. అర్థం కాకపోవడం కాదు, అసలు వినలేదు. విన్నట్టు తల ఊపాను. నువ్వు కుదరదంటే కుదురుతుందనుకున్నాను. తప్పు నాది, నీ లెక్కది కాదు."

కలియా ఆమె మొహంలోకి చూసింది. జాలిపడలేదు, ఫరవాలేదని కూడా అనలేదు. "ఏమీ వినపడలేదా?" అని అడిగింది.

ఆర్లిస్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమీ! వినపడలేదా!" అని కేకేసింది కలియా. పక్క బల్ల దగ్గర వాఫుల్ కోసుకుంటున్న కుర్రాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"నీ పేరు కూడా సరిగా వినలేదు. కార్యక్రమం కాగితంలో చూసి తెలుసుకున్నాను. అబ్బ, ఎంత గొంతుందే నీకు!"

కలియా మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వొచ్చేసింది. "మా నానమ్మకి చెవుడు," అంది అదే గొంతుతో. "ఇంట్లో నానమ్మకి అన్నీ నేనే చెప్పాలి. అందరికన్నా నేనే గట్టిగా అరుస్తానని మా తమ్ముళ్ళు నన్ను సైరన్ అని పిలుస్తారు."

"మరి నిన్న ఆ సైరన్‌కి ఏమైంది?"

"నిన్న అక్కడ నానమ్మ లేదుగా."

"ఇప్పుడున్నాననుకో. ఆ బల్బుల సంగతి చెప్పు."

కలియా గోడ గడియారం వంక చూసింది. సంచి వంక చూసింది. తర్వాత లేచి, కాఫీ యంత్రం పక్కనున్న కాగితపు కప్పులు ఒక దొంతర పట్టుకొచ్చింది. "తిన్నగా నిలబడితే వెలుగుతున్నట్టు, బోర్లిస్తే ఆరిపోయినట్టు," అని అయిదు కప్పులు వరసగా పేర్చింది. నాలుగు బోర్లించి, ఒక చివరిదాన్ని నిలబెట్టింది. "మీరు ఆర్పండి. ఒకటి ముట్టుకుంటే దాని పక్కవి కూడా తిప్పాలి."

ఆర్లిస్ ప్రయత్నించింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒకటి ఆరితే ఇంకోటి లేచింది.

"కుదరట్లేదు కదా? ఎందుకో చూడండి." కలియా నడిమి కప్పు మీద చెయ్యి పెట్టింది. "దీన్ని లెక్కలోంచి తీసెయ్యండి. మిగతా నాలుగింట్లో వెలిగేవి ఎన్ని? ఒకటి. ఇప్పుడు దేన్ని నొక్కినా ఈ నాలుగింట్లో సరిగ్గా రెండే మారతాయి. చివరిది నొక్కితే రెండు. దాని పక్కది నొక్కినా, నడిమిది పోగా, రెండే. నడిమిదే నొక్కినా అటొకటి ఇటొకటి, రెండే. రెండేసి మారుతుంటే బేసి సరి అవుతుందా? ఒకటి సున్నా అవుతుందా? చచ్చినా అవదు!"

"చచ్చినా అవదు," అంది పక్క బల్ల కుర్రాడొకడు, వాఫుల్ నోట్లో పెట్టుకునే. అప్పటికి వాళ్ళు పళ్ళేలతో సహా దగ్గరికి జరిగారు. ఇంకో ఇద్దరమ్మాయిలొచ్చారు. నానమ్మకు చెప్పే గొంతు హోటలంతా వినపడుతోంది మరి. ఫలహారాలు వడ్డించే ఆవిడ కూడా పిండిగరిట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రెండు కప్పుల వరసకూ ఇదే గతి అని, ఎనిమిదింటికీ ఇదే అని, మూడేసి పెంచుకుంటూ పోతే ప్రతిసారీ ఇలాగే అవుతుందని కలియా కప్పులు పేర్చి చూపించింది. ఈసారి ఆమెకు ఎవరి వైపూ వీపు లేదు.

ఆర్లిస్ చెంపకు చెయ్యి ఆనించుకుని ఆ బల్ల వంక చూస్తోంది. గుండ్రటి బల్ల. అప్పుడామెకొక మాట తోచింది. ఇన్నేళ్ళూ ఆమె పిల్లలకు జవాబు తెలిసిన ప్రశ్నలే ఏరి ఏరి అడిగింది. ఇది అలాంటిది కాదు. జవాబు ఈ పిల్లకు తెలుసో లేదో, అసలు తనకే తెలియదు. అడగాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించింది.

"వరస కాకుండా, ఈ బల్ల చుట్టూ పేరిస్తే?" అంది. "మొదలూ చివరా లేకుండా?"

కలియా బల్ల చుట్టూ చూసింది. "తెలీదు," అంది. భయంగా అనలేదు. కప్పులు తీసి గుండ్రంగా పెట్టడం మొదలెట్టింది. మూడు పెట్టింది. ఏది ముట్టుకున్నా మూడూ తిరిగాయి. "మూడు కుదరదు." నాలుగు పెట్టింది. కుర్రాళ్ళు కూడా చేతులు పెట్టి తిప్పారు. ఎలా పెట్టినా ఆర్పగలిగారు. అయిదూ లొంగింది. ఆరు పెట్టేసరికి మళ్ళీ మొండికేసింది.

"ఆగండాగండి, ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచింది కలియా. కప్పుల మీద వేలు ఆడిస్తూ, రెండు లెక్కపెట్టి, ఒకటి వదిలి, రెండు లెక్కపెట్టి, ఒకటి వదిలి చుట్టూ తిరిగింది. "ఇక్కడ కూడా అదే! ప్రతి మూడోదాన్నీ వదిలేస్తే, ఎక్కడ నొక్కినా లెక్కలో ఉన్నవి రెండే మారతాయి. కానీ అలా వదులుకుంటూ వెళ్ళి మళ్ళీ మొదలుకి సరిగ్గా కలవాలంటే... మూడుతో భాగారం పోవాలి. ప్రొఫెసర్, మూడుతో భాగారం పోతేనే!"

"నువ్వు కనిపెట్టినదేనా ఇది?" అని అడిగాడు కుర్రాడు.

"ఇప్పుడేగా అడిగారావిడ!"

మూడుతో భాగారం పోకపోతే ప్రతిసారీ ఆర్పగలమని ఎలా చెప్తావని ఒకమ్మాయి నిలదీసింది. కలియా దానికి తడబడింది, తల గోక్కుంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఇంతలో గోర్డీ కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి, ఈ గుంపునూ నేల మీద దొర్లుతున్న కప్పులనూ చూసి గుమ్మంలో ఆగిపోయాడు. "కలియా, బస్సు స్టాండుకి దింపుతానన్నాను. బయల్దేరదామా?"

"ఏ బస్సు?" అంది కలియా తలెత్తకుండానే. తర్వాత గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. "పోటీ ఎన్నింటికి?"

పోటీలో కలియా జట్టు గెలవలేదు. గెలిచిందని చెప్పాలని నాకూ ఉంది కానీ, పట్టికలో ఎక్కడో నడుమ తేలారు. ఆర్లిస్ తెచ్చిన నోర్లాండ్ పిల్లలు ఇంకా కింద తేలారు. ఒక లెక్కలో మాత్రం కలియా జట్టుకు నిండుగా మార్కులు పడ్డాయి. అది కప్పుల లెక్క కాదు. ముక్కోణాలకు సంబంధించినది, వేరే పిల్ల చేసింది. కలియా దానికి ఊరికే చప్పట్లు కొట్టింది. వెళ్ళేముందు ఆర్లిస్ దగ్గరికొచ్చి, మోచేతిని తాకి, ఎదురుగా నిలబడి, "ఆ రెండో సగం రుజువు కూడా చేస్తానండీ," అని గట్టిగా చెప్పింది. చేసింది కూడా, వేసవిలో. మరుసటేడు దాన్నే సదస్సులో ప్రసంగంగా చెప్పింది. ప్రొజెక్టరు పనిచేస్తున్నా వాడలేదట, కప్పులే తెచ్చుకుంది.

ఇంటికెళ్ళే దారిలో ఆర్లిస్ వ్యాను ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి, వెనక్కి తిరిగి, తన పిల్లలకు కూడా చెప్పేసింది. ఒకసారి చెప్పాక రెండోసారి అంత కష్టమనిపించలేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మాకు తెలుసండీ," అన్నాడు వెనకసీట్లోంచి ఒకడు.

"ఏమిటీ?"

"మాకు! తెలుసు! అన్నాను!"

"తెలిస్తే చెప్పరేం?"

"మీరు ఏమనుకుంటారో అని. అందుకే క్లాసులో ముందు బెంచీల్లోకి మారిపోయాం. మాకు మీ మీద ప్రేమ పెరిగిందని మీరు అనుకుంటున్నారని మాకు తెలుసు."

ఆర్లిస్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక ఒకమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మే నెలలో వెర్లిన్ ఆమెను ఫార్గో తీసుకెళ్ళాడు. చెవి డాక్టరమ్మ చిక్కుడు గింజంత యంత్రాలు రెండు చెవుల్లో అమర్చింది. బయటికి రాగానే ఆర్లిస్ ఆగిపోయింది. కాళ్ళ కింద కంకర చప్పుడు చేస్తోంది. కారెక్కితే కారు టిక్కుటిక్కుమంటోంది. "ఇదేమిటి, పాడైందా?" అంది. అది మలుపు తిరిగేటప్పుడు వెలిగే దీపం చప్పుడు. ఇంటికొచ్చాక వెర్లిన్ సింకు దగ్గర పళ్ళేలు కడుగుతుంటే, ఆమె గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నది.

"వెర్లిన్, నువ్వు కూనిరాగాలు తీస్తావా?"

"తీస్తాను."

"ఎప్పటినుంచీ?"

"గిడ్డంగి మానేసినప్పటినుంచి. పొద్దుపోవడం లేదని మొదలెట్టాను. ఎలా ఉంది?"

"శ్రుతి లేదు."

"అందుకే నిన్ను ఇన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి బలవంతపెట్టలేదు," అన్నాడు వెర్లిన్. ఆమె వచ్చి పక్కన నిలబడి, తుడిచే గుడ్డ అందుకుంది. ఆయన మళ్ళీ మొదలెట్టాడు. ఆమె ఆపమనలేదు.

ఆ తర్వాత ఆర్లిస్ ఇంకో ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. ప్రసంగాలకు ముందు ప్రతి పిల్లవాడి దగ్గరికీ వెళ్ళి, "నాకు సరిగా వినపడదు నాయనా, బోర్డుతో కాదు, నాతో చెప్పు," అనేది. చెవుల్లో యంత్రాలు పెట్టుకున్నా అనేది. దానివల్ల పిల్లలు మొహం ఎత్తి మాట్లాడడం నేర్చుకున్నారని గోర్డీ అంటాడు. ఆమె అడిగే ప్రశ్నలు కూడా మారాయి. సగం మందికి తేలికవే అడిగేది. గట్టి పిల్లలనిపించిన వాళ్ళను మాత్రం, తనకూ జవాబు తెలియనిది ఒకటి అడిగి, వాళ్ళతోపాటు తానూ ఆలోచించేది. కొన్నిసార్లు ఇద్దరికీ తేలేది కాదు. తేలలేదని ఇద్దరూ ఒప్పుకుని టీ తాగడానికి పోయేవాళ్ళు.

రిటైరయ్యాక కూడా ఏటా వస్తూనే ఉంది. ఇప్పుడు వెర్లిన్ కారు నడుపుతాడు. ప్రసంగాలు జరిగేంతసేపూ వరండాలో బిస్కెట్ల బల్ల దగ్గర కూర్చుని, వచ్చేపోయే పిల్లలతో వాతావరణం మాట్లాడుకుంటాడు. పోయిన ఏప్రిల్‌లో ఒక కుర్రాడు ముడుల గురించి మాట్లాడాడు. తాళ్ళు, మెలికలు, ఏ ముడి విప్పితే ఏదవుతుందో. ఆర్లిస్ ప్రతి మాటా విన్నది. వినడంలో లోపమేమీ లేదు, విషయమే తలకెక్కలేదు. ఆ మాటే వాడితో అంది. వాడు బూటు తాడు విప్పి, నేల మీద కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలెట్టాడు. ఆమె కూడా మోకాళ్ళు నొక్కుకుంటూ పక్కన కూర్చుంది. అందరూ భోజనానికి వెళ్ళిపోయారు. తాడు ఇద్దరి చేతుల మధ్యా నలిగింది.

చాలాసేపటికి ఆమె వరండాలోకి వచ్చేసరికి, వెర్లిన్ టర్కీ శాండ్‌విచ్ ఒకటి కాగితపు రుమాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రొట్టె కాస్త ఎండిపోయింది.

"అర్థమైందా?" అని అడిగాడు.

"సగం," అంది ఆర్లిస్, శాండ్‌విచ్ విప్పుతూ. "మిగతా సగం మళ్ళీ ఏటికి."